కోడిపందెం జరిమానా, బ్యాంకు క్లర్కు ఉద్యోగం: రద్దు ఉత్తరం వచ్చాక చేయవలసినవి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతవరకు ముందుగా తిరిగి చెబుతాను. ఇందులో ఏ ఒక్క వివరం తేడాగా ఉన్నా కింది సమాధానం కూడా ఆ మేరకు మారుతుంది. మీ అబ్బాయి, ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్ నిర్వహించే క్లర్కుల ఉమ్మడి పరీక్షలో ఎంపికై, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకుకు కేటాయింపు పొందాడు. సర్టిఫికెట్ల పరిశీలన, వైద్య పరీక్ష రెండూ పూర్తయ్యాయి. చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్న సమయంలో, పోలీసు విచారణలో ఒక క్రిమినల్ కేసు బయటపడిందనీ, దాన్ని అటెస్టేషన్ ఫారంలో (అభ్యర్థి తన పూర్వ వివరాలు రాసి సంతకం పెట్టే పత్రంలో) దాచినందున అభ్యర్థిత్వాన్ని రద్దు చేస్తున్నామనీ రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆ కేసు ఆరేళ్ల కిందటి కనుమ నాటిది. అంబాజీపేట దగ్గరి ఒక కోడిపందేల బరి వద్ద పోలీసులు పట్టుకెళ్లిన ఇరవై మందికి పైగా జనంలో, అప్పటికి పంతొమ్మిదేళ్లున్న మీ అబ్బాయి కూడా ఉన్నాడు. తరువాత అందరితో పాటు కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి వచ్చాడు. అటెస్టేషన్ ఫారం నింపింది ఇంటర్నెట్ సెంటరులోని కుర్రాడు. ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా, శిక్ష పడిందా’ అన్న ప్రశ్నల ఎదురుగా అతడు ‘లేదు’ అని కొట్టాడు, మీ అబ్బాయి సంతకం పెట్టాడు. మార్కులు తెచ్చుకుని సంపాదించిన ఉద్యోగం మా హక్కు కాదా, దాన్ని ఉత్తరం ముక్కతో ఎలా తీసేస్తారు అన్నది మీ ప్రశ్న.

నేను న్యాయవాదిని కాను. ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి, అందులో చివరి పదకొండేళ్లు సిబ్బంది విభాగంలో, ఇలాంటి అభ్యర్థులు హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్లకు బ్యాంకు తరఫున కౌంటర్లు, అంటే జవాబు అఫిడవిట్లు, తయారుచేసే బల్ల దగ్గర గడిపి, ఇప్పుడు రామచంద్రపురంలో విశ్రాంతిగా ఉంటున్నాను. అంటే మీకు ఎదురుగా నిలబడే పక్షం ఎలా ఆలోచిస్తుందో తెలిసినవాడినే గాని, మీ పక్షాన వాదించగలవాడిని కాను. వాదనకు సర్వీసు కేసులు చూసే న్యాయవాదిని పెట్టుకోండి. ఆయన దగ్గరకు వెళ్లేముందు తెలుసుకోవలసినవి మాత్రం చెబుతాను.

మొదట మీ ప్రశ్నలోని ‘హక్కు’ అన్న మాటను పక్కన పెట్టాలి, ఎందుకంటే ఆ మాట మీద నిలబడిన పిటిషన్లు ఎక్కువగా ఓడిపోవడం చూశాను. ఎంపిక జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన నియామకం పొందే తిరుగులేని హక్కు పుట్టదని 1991లో శంకర్సన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అదే తీర్పులో రెండో సగం కూడా ఉంది, దాన్ని చాలామంది చదవరు: ఖాళీలు భర్తీ చేయకూడదనుకున్నప్పుడు ఆ నిర్ణయం సద్బుద్ధితో, తగిన కారణాలతో తీసుకున్నది కావాలి గాని, ఇష్టం వచ్చినట్టు చేసే స్వేచ్ఛ ప్రభుత్వానికి లేదు. 2024 నవంబరు 7న తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఈ రెండు సగాలనూ కలిపే చెప్పింది. కాబట్టి కోర్టు ముందు మీరు ‘ఉద్యోగం మాది’ అనకూడదు. ‘ఈ నిర్ణయం తీసుకున్న పద్ధతి చెల్లదు, దానికి చెప్పిన కారణం నిలవదు’ అనాలి. చూడటానికి ఇది మాటల తేడాలా కనిపిస్తుంది. నా బల్ల మీదికి వచ్చిన పిటిషన్లలో మొదటి రకానికి కౌంటర్ రాయడం అరపూట పని. రెండో రకం వస్తే ఫైలు మొత్తం బయటికి తీసి, పై అధికారులతో కూర్చోవలసి వచ్చేది.

ఆ కారణం ఎక్కడ ఉంటుందంటే, మీకు వచ్చిన ఉత్తరంలోనే ఉంటుంది, ఉండాలి. ఒక ఉత్తర్వు నిలుస్తుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి గాని, తరువాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు జోడించడానికి వీల్లేదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎన్నికల తగాదాలో వచ్చిన తీర్పే అయినా ఇప్పటికీ సర్వీసు కేసుల్లో తరచుగా వినబడుతుంది. దీని విలువ నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. గట్టు తగాదాలో తండ్రితో పాటు పేరెక్కి, లోక్ అదాలత్‌లో రాజీపడ్డ ఒక అభ్యర్థికి మా ఆఫీసు నుంచి ‘నియామకానికి తగినవారు కారని తేలింది’ అని ఒకే వాక్యంతో ఉత్తరం వెళ్లింది. ఆ వాక్యం టైపు చేసింది నేనే. అతడు హైకోర్టుకు వెళ్లాక, బ్యాంకు ఉద్యోగికి ఉండవలసిన నడవడి గురించీ, ఖాతాదారుల నమ్మకం గురించీ నాలుగు పేజీల కౌంటర్ తయారుచేశాం. న్యాయమూర్తి కౌంటర్ చదవడం ఆపి ఫైలు తెప్పించమన్నారు. నిర్ణయం ఎలా తీసుకున్నారో అధికారులు రాసుకునే నోట్‌షీటులో ఉన్నది ఇంతే: ‘పోలీసు రిపోర్టు ప్రతికూలం. రద్దు చేయవచ్చు.’ కేసు ఏమిటో, ఎలా ముగిసిందో, అప్పటికి అతడి వయసెంతో ఒక్క ముక్క లేదు. మా నాలుగు పేజీలూ అక్కడితో చిత్తుకాగితాలయ్యాయి.

మీ ఉత్తరంలో కారణం ఉంది: దాచిపెట్టడం. కాబట్టి ఈ కేసు మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఈ అంశం మీద ఇప్పుడు దేశమంతటా ఆధారంగా తీసుకుంటున్నది 2016 జులై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. అంతకుముందు ఒక ధర్మాసనం కుర్రతనపు తప్పును క్షమించమంటే, మరొకటి అబద్ధం రాసినవాడు ఎలాంటివాడైనా పనికిరాడనేది. ఆ తేడాలన్నిటినీ సర్దడానికే ఆ తీర్పు వచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలన్నది అందులో మొదటి సూత్రం. అయితే సమాచారం దాచినంత మాత్రాన యాంత్రికంగా రద్దు చేయకూడదు. ఆ కేసు ఎలాంటిది, అప్పటి వయసు, పరిస్థితులు, ఆ పోస్టుకు వర్తించే నిబంధనలు ఇవన్నీ చూసి నిర్ణయం తీసుకోవాలి. చిన్న వయసులో నినాదాలు చేసినందుకో, చిల్లర నేరానికో శిక్ష పడిన సందర్భంలో, ఆ సంగతి ముందే తెలిసినా ఆ పోస్టుకు అనర్హుడయ్యేవాడు కాకపోతే, దాచిన తప్పును యజమాని తన విచక్షణతో మన్నించవచ్చు. పోస్టు స్థాయి పెరిగేకొద్దీ కొలబద్ద కఠినమవుతుంది. ఫారంలో అడిగిన ప్రశ్న అస్పష్టంగా ఉంటే దాచారనకూడదు, స్పష్టంగా అడిగినది రాయకపోవడాన్నే దాచడం అనాలి.

ఈ వాక్యాలు చదివి మా కేసు గెలిచినట్టేనని అనుకోకండి. ‘మన్నించవచ్చు’ అన్నారు, ‘మన్నించాలి’ అనలేదు. పూర్తయిన కేసును నిజాయితీగా రాసినవాడి విషయంలో కూడా పూర్వాపరాలు చూసి నిర్ణయించే అధికారం యజమానికి ఉంటుందని అదే తీర్పు చెబుతుంది. కోర్టు చూసేది ఆ అధికారాన్ని ఆలోచించి వాడారా, ముద్ర కొట్టినట్టు వాడారా అన్నదే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన వాక్యం మరొకటి. ‘కేసేమీ కాదండి, జరిమానా కట్టి వచ్చేశాడు’ అని రాశారు. మన ప్రాంతంలో అందరూ ఇలాగే అనుకుంటారు. సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర జాతర జరుగుతుంది, హైకోర్టు ఉత్తర్వులు ఉన్నందున పోలీసులు ఏటా కొన్ని కేసులు రాస్తారు, పట్టుబడినవాళ్లు కోర్టులో నిలబడి తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. అది కరెంటు బిల్లు కట్టి రావడంలాంటిది కాదు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే చట్టం దృష్టిలో నేరం రుజువై శిక్ష పడినట్టే. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద పెట్టినా, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద పెట్టినా ఇదే. పోరాడి నిర్దోషిగా బయటపడినవాడి పరిస్థితి ఇంతకంటే మెరుగు. ఒప్పుకుంటే తొందరగా తెమిలిపోతుందని ఆ రోజు ఎవరో ఇచ్చిన సలహా ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది. కాబట్టి పిటిషనులో గాని, బ్యాంకుకు రాసే అర్జీలో గాని ‘మా అబ్బాయిపై కేసు లేదు’, ‘శిక్ష పడలేదు’ అన్న మాటలు పొరపాటున కూడా రానీయకండి. దాచాడన్న ఆరోపణ మీద వెళ్తూ మరో అబద్ధం ప్రమాణపత్రంలో రాస్తే, ఇక వినే కోర్టు ఉండదు.

శిక్ష పడింది సరే, అది బ్యాంకు ఉద్యోగానికి అడ్డమయ్యే శిక్షా? 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 10వ సెక్షను, నైతిక భ్రష్టతతో కూడిన నేరానికి శిక్ష పడినవారిని బ్యాంకు ఉద్యోగంలో ఉంచకూడదంటుంది. దొంగతనం, మోసం, ఫోర్జరీ వంటివి ఈ కోవలోకి వస్తాయనడంలో వివాదం లేదు. బరి దగ్గర నిలబడి పందెం చూసినవాడినో, వంద రూపాయలు కాసినవాడినో ఆ కోవలో చేర్చడం కష్టమని నా అభిప్రాయం. దీనికి ఆసరాగా ఒక తీర్పు ఉంది, మీ న్యాయవాదికి తప్పక చూపించండి. హర్యానాలో ఒక చిరుద్యోగి, బహిరంగ స్థలంలో అసభ్య ప్రవర్తనకు సంబంధించిన సెక్షను కింద తప్పు ఒప్పుకుని ఇరవై రూపాయల జరిమానా కట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1996లో పవన్ కుమార్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, అలాంటి శిక్షను దానంతట అదే నైతిక భ్రష్టతగా లెక్కించడం కుదరదని న్యాయస్థానం అతడి పక్షాన తీర్పు చెప్పింది. అంతటితో ఆగకుండా, రెండు వేల రూపాయల లోపు జరిమానాతో ముగిసే చిల్లర కేసులు ఉద్యోగాలకు అడ్డం కాకుండా పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి కోర్టు మెట్లు దిగిపోయే సామాన్యుల పరిస్థితిని ఆ తీర్పు గుర్తించినట్టు నేను మరెక్కడా చదవలేదు.

కాబట్టి మీ వాదన ఇలా నడవాలి: ఈ సంగతి ఫారంలో రాసి ఉన్నా అనర్హత వచ్చేది కాదు, అయినప్పుడు దాచడం వల్ల పొందిన లాభం లేదు, నేర స్వభావం, వయసు, క్లర్కు పోస్టు స్థాయి వీటిలో దేన్నీ పరిశీలించకుండా రద్దు చేశారు, రద్దుకు ముందు సంజాయిషీ అడగలేదు. ఈ చివరిది మీరు స్పష్టంగా రాయలేదు. షోకాజ్ నోటీసు గాని, వివరణ కోరుతూ ఈమెయిల్ గాని వచ్చిందేమో అబ్బాయి మెయిల్‌లో స్పామ్ పెట్టెతో సహా వెతికించండి. నోటీసు వచ్చి, జవాబు ఇవ్వకుండా ఊరుకుని ఉంటే ఈ వాదన పోవడమే కాదు, పోయిన తీరు మీకు మచ్చగా మిగులుతుంది.

ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి సంగతి మీ కథలో బలహీనమైన చోటు. అది నిజమే కావచ్చు. అమలాపురం నుంచి నరసాపురం దాకా ఏ సెంటరుకు వెళ్లినా, నింపేవాడు ప్రశ్న చదవకుండానే ‘లేదు, లేదు, లేదు’ అని కొట్టుకుంటూ పోవడం నేనూ చూశాను. అయినా కింద సంతకం పెట్టినవాడు ‘పైవన్నీ చదివి, నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కింద పెట్టాడు. డిగ్రీ చదివి, ఇంగ్లీషు పరీక్ష కూడా నెగ్గినవాడు ప్రశ్న అర్థం కాలేదంటే ఎవరూ నమ్మరు. కాబట్టి నేరం కుర్రాడి మీదికి తోయకండి. జరిమానాతో ముగిసినందున అది కేసు కిందికి రాదని నమ్మాననీ, దురుద్దేశం లేదనీ, ఆ పొరపాటుకు బాధ్యత తనదేననీ అబ్బాయి ఒప్పుకుంటే, అది వినేవాళ్లకు నిజాయితీగా తగులుతుంది. నిజంగా అలా నమ్మి ఉంటేనే అలా రాయాలన్నది వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు కాగితాలు. జరిమానా వేసిన మేజిస్ట్రేట్ కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు ధ్రువీకృత నకళ్లు తీసుకోండి. చిల్లర కేసుల రికార్డును కొన్నేళ్లకు ధ్వంసం చేసే పద్ధతి ఉంది. అలా జరిగి ఉంటే ఆ మాటే రాయించి తీసుకోండి, అదీ ఒక పత్రమే. ఏ సెక్షను కింద, ఎంత జరిమానా అన్నది తెలియకుండా పైన చెప్పిన వాదనల్లో ఏదీ నిలబడదు, ఎందుకంటే మీరు కోడిపందెం అంటున్నదానికి ఛార్జిషీటులో ఇంకేదైనా సెక్షను, ఉదాహరణకు పోలీసుల విధులకు అడ్డుపడ్డారన్నది, తోడై ఉంటే కథ మారిపోతుంది. 2022 ఏప్రిల్ 4న పాత తూర్పు గోదావరి జిల్లా విడిపోయి కోనసీమ వేరు జిల్లా అయింది గనుక, పాత కేసు వివరం, ఇప్పటి విచారణ నివేదిక వేర్వేరు జిల్లాల పోలీసు కార్యాలయాల నుంచి రావచ్చు. పేర్లు కలిసిపోవడం కూడా మన దగ్గర అరుదు కాదు. ఊళ్లో నలుగురు వీర వెంకట సత్యనారాయణలు ఉన్నచోట, ఇంటిపేరూ తండ్రిపేరూ సరిచూడకుండా నివేదిక పంపిన ఉదంతం నా ఎరికలో ఉంది. పాపం ఆ అభ్యర్థి ఏ బరి గట్టూ ఎక్కినవాడు కాడు.

ఆ వెంటనే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో బ్యాంకుకు దరఖాస్తు పెట్టి, పోలీసు విచారణ నివేదిక నకలు, రద్దు నిర్ణయానికి సంబంధించిన నోట్‌షీటు నకలు, కేసులున్న అభ్యర్థుల విషయంలో బ్యాంకు పాటించే అంతర్గత సూచనల నకలు అడగండి. ఎందుకు రద్దు చేశారని ప్రశ్న వేయకండి; ఆ చట్టం కింద కాగితాలు అడగాలి గాని సంజాయిషీలు అడిగితే ఒక వాక్యంతో తిప్పి పంపుతారు. జవాబుకు ముప్పై రోజుల గడువు, రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. దీనికి సమాంతరంగా బ్యాంకు సిబ్బంది విభాగపు ఉన్నతాధికారికి పునఃపరిశీలన అర్జీ స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, అందినట్టు చూపే కాగితం దాచండి. ఆ అర్జీ రెండు పేజీలు మించకూడదు, పైన చెప్పిన తీర్పుల పేర్లు ఉండాలి, కోర్టు నకళ్లు జత చేయాలి. సాధారణంగా దీనికి జవాబు రాదు. అయినా పంపాలి, ఎందుకో కింద చెబుతాను.

జవాబు కోసం నెలల తరబడి కాచుకోకండి. రిట్ పిటిషనుకు చట్టంలో రాసిన గడువు లేదు గాని, ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోతే ఆ ఒక్కదాని మీదే కొట్టివేయవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు జాబితాది. ఐబీపీఎస్ కేటాయింపులకూ, నిల్వ జాబితాకూ గడువు ఉంటుంది, అది సాధారణంగా మార్చి 31తో ముగుస్తుంది. ఈలోగా ఆ ఖాళీ ఇంకొకరితో నిండితే, ఆ వచ్చినవాడిని తీసేసి మీ వాణ్ని పెట్టమనడానికి ఏ న్యాయమూర్తీ ఇష్టపడరు. అందుకే పిటిషనుతో పాటు, కేసు తేలేవరకు ఒక పోస్టు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగడం అన్నిటికంటే ముఖ్యం. మా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు మండపేట వైపు వాడు. ముందు ఊళ్లో పెద్దమనిషిని, తరువాత ప్రజాప్రతినిధిని, ఆ తరువాత డబ్బిస్తే పని చేయిస్తానన్న ఒక మధ్యవర్తిని పట్టుకుని నాలుగేళ్లు తిరిగాడు. కోర్టుకు వచ్చేసరికి అతడి వాదనలో లోపం లేదు, కాని జాబితా గడువు తీరిపోయింది, వయోపరిమితి దాటిపోయింది. ఆ కౌంటరులో నేను ఒక్క తేదీల పట్టిక మాత్రమే వేశాను, అది చాలింది.

ఏ కోర్టు అంటే, ప్రభుత్వ రంగ బ్యాంకు రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం ‘రాజ్యం’ కిందికి వస్తుంది గనుక 226వ అధికరణం కింద అమరావతిలోని మన హైకోర్టే. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలోనో మరోచోటో ఉన్నా, వివాదానికి కారణమైన సంగతుల్లో కొంత భాగమైనా మన రాష్ట్రంలో జరిగి ఉంటే చాలు. మీ అబ్బాయిని ఈ రాష్ట్రపు ఖాళీకి కేటాయించారు, సర్టిఫికెట్ల పరిశీలన ఇక్కడే జరిగింది, ఉత్తరం ఇక్కడే అందింది, ఈ మూడూ పిటిషనులో రాయాలి. ప్రతివాదుల విషయంలో ఒక జాగ్రత్త. ఐబీపీఎస్ మీద రిట్ నిలవదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష పెట్టింది వాళ్లు, ఉద్యోగం ఇచ్చేదీ రద్దు చేసిందీ బ్యాంకు. మీ తగాదా బ్యాంకుతోనే ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అని కూడా అడిగారు; మీరు ఇక్కడ వినియోగదారులు కారు, ఆ దారి లేదు.

గెలుపు అంటే ఎలా ఉంటుందో కూడా ముందే తెలుసుకోండి. ‘ఇతడికి ఉద్యోగం ఇవ్వండి’ అని కోర్టు నేరుగా ఆదేశించడం తక్కువ. రద్దు ఉత్తర్వును కొట్టివేసి, అవతార్ సింగ్ తీర్పులోని సూత్రాల ప్రకారం ఇన్ని వారాల్లో మళ్లీ పరిశీలించి, కారణాలతో కొత్త నిర్ణయం తీసుకోండని పంపడమే ఎక్కువ. అప్పుడు మళ్లీ అదే బల్ల, అదే ఫైలు. ఇప్పుడు మీరు పంపే రెండు పేజీల అర్జీ ఆ రోజు ఫైలులో పైన ఉంటుంది. రెండోసారి రాసే అధికారి కోర్టు కంట పడుతుందన్న భయంతో దాన్ని పంక్తి పంక్తీ చదువుతాడు. అందుకే జవాబు రాకపోయినా పంపమన్నాను. బ్యాంకు ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచికి అప్పీలు చేయవచ్చు, అక్కడ మరికొంత కాలం పడుతుంది. చివరికి చేరినా మధ్యకాలపు జీతం వస్తుందని లెక్క వేసుకోకండి. సీనియారిటీ కూడా అడిగితేనే, అదీ కొన్నిసార్లే, కాగితం మీద ఇస్తారు. పైన చెప్పిన గట్టు తగాదా అభ్యర్థి మూడేళ్ల తరువాత చేరాడు. అతడితో ఎంపికైనవాళ్లు అప్పటికి అధికారుల పరీక్ష రాస్తున్నారు.

ఇలాంటి సమస్యలున్న ఇతరులూ దీన్ని చదువుతారు గనుక పక్క విషయాలు రెండు మూడు. పోస్టల్ శాఖ వంటి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల గుమాస్తా పోస్టులైతే ముందు హైకోర్టు కాదు, హైదరాబాదులోని కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్. అక్కడ ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు వేయాలన్న గడువు చట్టంలోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ జూనియర్ అసిస్టెంటు పోస్టులకు రాష్ట్ర ట్రైబ్యునల్ రద్దయినందున నేరుగా హైకోర్టే. ఆ పోస్టుల్లో ఎక్కువ తగాదాలు స్థానికత మీద వస్తాయి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ స్థాయి పోస్టుల్లో ఎనభై శాతం జిల్లా స్థానికులకు ఉంచింది. పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు ఎక్కడన్నది మొదట చూస్తారు. రావులపాలెంలో పుట్టి తణుకు హాస్టల్లో చదివినవారు తాము గోదావరికి ఏ ఒడ్డున స్థానికులో దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి. వెనుకబడిన తరగతుల సర్టిఫికెట్ విషయంలో, రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. బ్యాంకు అడిగేది కేంద్ర నమూనాలో, సంపన్న శ్రేణికి చెందరన్న వాక్యంతో, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీల మధ్య ఇచ్చినది. ఆలస్యంగా తెచ్చిన సర్టిఫికెట్‌ను 2016లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంగీకరించినా, నిర్దేశిత నమూనాలో లేని సర్టిఫికెట్ విషయంలో 2025లో కఠినంగా వ్యవహరించింది, కాబట్టి పాత తీర్పు మీద భరోసా పెట్టుకోవద్దు.

డెల్టాలో కొత్తగా వస్తున్న చిక్కు అప్పులది. బ్యాంకు నోటిఫికేషన్లలో ఇప్పుడు చేరే నాటికి రుణ చరిత్ర బాగుండాలన్న షరతు ఉంటోంది. రొయ్యల చెరువు కౌలుకు తీసుకుని కొడుకు పేరు మీద అప్పు తెచ్చిన తండ్రులు, ఫోను యాప్‌లో అయిదు వేలు తీసుకుని మరిచిపోయిన కుర్రాళ్లు నాకు తెలుసు. ఒక బ్యాంకు ఈ కారణంతో అధికారి స్థాయి నియామకం రద్దు చేయగా, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు పక్షాన తీర్పు ఇచ్చింది. ప్రజల డబ్బు చూసేవాడికి సొంత లెక్క సరిగా ఉండాలన్న షరతు తప్పు కాదంది. క్లర్కుల దగ్గర కూడా ఇదే వాదన వస్తుంది. బకాయిలుంటే తీర్చి, బకాయి లేదన్న పత్రం కేటాయింపుకు ముందే చేతిలో పెట్టుకోండి.

మీ అబ్బాయి విషయానికి వస్తే, కోర్టు నడుస్తుండగా ఇతర పరీక్షలు రాయడం మానకూడదు. వయసు ఆగదు, రాసినందువల్ల ఈ కేసు బలహీనపడదు. ఆ దరఖాస్తులు మాత్రం సెంటరులో కాకుండా ఇంట్లో కూర్చుని తానే నింపాలి. కేసు, శిక్ష గురించిన ప్రశ్న వచ్చిన ప్రతిచోటా ‘ఉంది’ అని రాసి, కేసు నంబరు, కోర్టు పేరు, సెక్షను, జరిమానా మొత్తం, కట్టిన తేదీ ఒకే వరుసలో ఇవ్వాలి. అభ్యర్థిత్వం ఎప్పుడైనా రద్దయిందా అని అడిగితే ఈ ఉత్తరం తేదీ, దానిపై వేసిన రిట్ నంబరు రాయాలి. ఆ వరుసను ఇప్పుడే ఒక కాగితం మీద తయారుచేసి, కోర్టు నకళ్లతో కలిపి అట్టలో పెట్టుకోమనండి. నకళ్లు వచ్చాక సెక్షను ఏమిటో మళ్లీ రాస్తే, పై సమాధానంలో మారవలసింది ఏదైనా ఉంటే చెబుతాను.